మూడు మొనల కొమ్ము

జూలో జింకల పనికి కుదిరిన కొత్తలోనే, అక్కడే పనిచేసే మొగుడు ఆమెకి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"మొనలు లెక్కపెట్టకే తల్లీ! చుక్కల దుప్పికీ మూడే, కణుజుకీ మూడే. కింది మొన ఎటు తిరిగిందో చూడు."

దుప్పి కొమ్ము సన్నం, కింది మొన అడ్డంగా ముందుకు పొడుచుకొస్తుంది. కణుజు చుక్కల్లేని పెద్ద జాతి జింక; దాని కొమ్ము లావు, గరుకు, ఆ మొన ఏటవాలుగా పైకి లేస్తుంది. ఇదంతా ఆమెకి కంఠతా వచ్చు. నోటికొస్తే సరా, సమయానికి కంటికి ఆనాలి గానీ!

ఆ మధ్యాహ్నం నీటితొట్టి పైపు బిగించడానికి మొగుడు కంచె లోపలికి వెళ్లాలి. అదే కంచెలో దుప్పులతో పాటు ఉండే మగ కణుజు మదం మీదున్న రోజులవి. దాన్ని షెడ్డులో పెట్టి గడియ వేశాకే మనిషి లోపలికి పోవాలి. ఆ పని ఆమెది. షెడ్డంతా చీకటి. వెనక కిటికీ వెలుతుర్లో కొమ్ములొక్కటే కనిపించాయి. మూడు మొనలున్నాయి. గడియ వేసేసింది.

"వేశానండీ, వెళ్లండి!" అని కేకేసింది కూడాను, మహా ఘనకార్యం చేసినట్టు.

కాసేపటికి మేత పడేద్దామని షెడ్డు తలుపు సందులోంచి తొంగిచూసింది. లోపలున్నది పక్కకి తిరిగింది. ఒంటినిండా తెల్ల చుక్కలు!

ఆమె కంచె దగ్గరికి పరుగెత్తింది. మొగుడు తొట్టి ముందు గొంతుక్కూర్చుని పైపు తిప్పుతున్నాడు. అతని వెనక ఎత్తు గడ్డి. గడ్డిపైన కొమ్ములు. లావుగా, గరుగ్గా, కింది మొన పైకి లేచి. అవి కదలడం లేదు. ఇప్పుడు చూడ్డం వచ్చింది మహాతల్లికి!

దుప్పయితే చప్పట్లు కొడితే పారిపోయేది. ఇది పోదు. తల్లి చచ్చిన పసికూనని సీసాపాలు పట్టి పెంచింది ఈమే. మనిషంటే దానికి భయమే లేదు. మొన్నీమధ్యే ఇంకో కాపరి పక్కటెముకలు విరగ్గొట్టింది. మొగుణ్ణి పిలిస్తే అతను లేస్తాడు, లేస్తే అది దూకుతుంది.

వంగి వంగి గేటుకి దూరంగా, కంచె అవతలి మూలకి వెళ్లింది. పాలు పట్టేటప్పటి గొంతు తెచ్చుకుంది.

"బుజ్జీ... రా నాన్నా. నా బంగారు కొండ. రా."

కొమ్ములు తిరిగాయి. మొగుడూ తల తిప్పాడు, చూశాడు, బిగుసుకుపోయాడు. అది మొదట నడిచింది, తర్వాత తల వంచి పరుగందుకుంది.

కంచె దడేలుమంది. కొమ్ము మొన కంచె ఇనపవలలోంచి దూసుకొచ్చి ఆమె చేతికి జానెడు దూరంలో ఆగింది. ఇనప స్తంభం ఊగింది. పారిపోదామనిపించింది, ఒట్టు. కానీ మొగుడింకా గేటుకి సగం దూరంలోనే ఉన్నాడు, పిల్లిలా అడుగులేస్తూ. ఆమె గొంతు మారితే అది వెనక్కి తిరుగుతుంది.

"ఆకలేసిందా నాన్నా? వచ్చావా అమ్మ దగ్గరికి?"

దడేల్. వల ఒకచోట తెగింది.

"నా తండ్రే. నా చిట్టి తండ్రే."

దడేల్. కళ్లలోంచి నీళ్లు ధారకడుతున్నాయి, గొంతు మాత్రం తేనెలా పెట్టుకుంది. ఎంత ప్రేమగా పిలిస్తే అంత గట్టిగా పొడుస్తోంది.

గేటు గడియ ఠంగుమంది. "వచ్చేశానే, బయటున్నా! ఇవతలికి వచ్చెయ్!" మొగుడు గొంతు చించుకున్నాడు.

ఆమె నోరు మూసుకుంది. అంతే, కణుజూ ఆగిపోయింది. నురగలు కక్కుతూ, తెగిన వలలోంచి ముట్టె బయటికి పెట్టి ఆమె మొహంకేసి చూసింది. చెవులు రెండూ ముందుకి రిక్కించింది.

ఆమె మళ్లీ పిలుస్తుందేమోనని అది అలాగే నిలబడింది. ఆమెకి ఎంతకీ నోరు పెగల్లేదు.