బంకు వెనక గది

నాలుగో స్తంభం దాకా ఊడ్చి, చీపురు చంకలో పెట్టుకుని, నడుం పట్టుకుని నిలబడ్డాడు కాపలాదారు. కార్లు రాని సిమెంటు గచ్చు మీద ఎండుటాకులు, గాలికి కొట్టుకొచ్చిన కాగితాలు తప్ప ఏముంటాయి? అయినా రోజూ ఊడ్చేవాడు. పెట్రోలు బంకు మూసేసి ఆరేళ్ళయింది. పోసే మిషన్లను ఊడబెరికి పట్టుకుపోయారు. అవి ఉన్నచోట తెగిన వైర్లు నేలలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళు అక్కడ నిలబడి పెట్రోలు పోసిన మనిషి కదా అని యజమాని అతన్నే కాపలాకి ఉంచేశాడు. ఇప్పటికీ రోడ్డు మీద హారన్ మోగితే అతని కుడిచెయ్యి తనంతట తానే లేచి, లేని గొట్టం కోసం గాలిలో తడుముకునేది.

ఆ ఉదయం మోగిన హారన్ మాత్రం నిజంగా అతని కోసమే. గేటు ముందు డ్రిల్లింగ్ బండి ఒకటి, వెనక ఓ జీపు. జీపు దిగిన ఇంజినీరమ్మాయికి ముప్ఫై నిండి ఉండవు. స్థలం కొనబోయేవాళ్ళు ముందు నేలనీ, నేల కింద నీటినీ పరీక్ష చేయించమన్నారట.

"బాబాయ్, ట్యాంకులు ఎక్కడ పూడ్చారో కాగితాల్లో సరిగ్గా లేదు. మీకేమైనా గుర్తుందా?"

"గుర్తేంటమ్మా, కళ్ళు మూసుకుని చూపిస్తాను."

సుద్దముక్క పుచ్చుకుని, వంగి, మూడు ట్యాంకుల అంచులూ గచ్చు మీద గీశాడు. అమ్మాయి తెచ్చిన, నేల కింది ఇనుమును పసిగట్టే పరికరం కూడా సరిగ్గా ఆ గీతల మీదే కూసింది. డ్రిల్లర్ నవ్వాడు.

"బాబాయ్‌ని పనిలో పెట్టుకుంటే ఈ మిషన్ అమ్మేసుకోవచ్చు మేడం."

చాలా కాలానికి తనతో ఎవరికో పనిబడిందని అతనికి కొంచెం గర్వమేసింది. నీడలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

బండి గొట్టాన్ని నేలలోకి దించుతుంటే గచ్చంతా వణికింది. పైకి తీసిన మట్టి, గాజులాంటి గొట్టంలో ముందు ఎర్రగా ఉంది, తర్వాత పచ్చబారింది. మూడో ట్యాంకు పక్కన నాలుగు మీటర్లు దిగేసరికి బూడిద రంగులోకి మారిపోయింది. అమ్మాయి ఆ మట్టి దగ్గర, పెట్రోలు ఆవిరిని కొలిచే మీటరు పెట్టింది. అంకెలు ఎక్కుతూ పోయాయి. వాసన స్టూలు దాకా వచ్చింది.

ఆ వాసనకి అతను ముక్కు మూసుకోలేదు. బంకు వెనక తానుండే గదిలోని వాసనే అది.

పెళ్ళయిన కొత్తలో ఆ గదిలోకే భార్యని తీసుకొచ్చాడు. ఒకటే గది, ఒకటే కిటికీ, బయట బోరుకి బిగించిన కుళాయి. చాలా ఏళ్ళు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఒక వేసవిలో ఆమె గ్లాసు వాసన చూసి, అతని ముందు పెట్టింది.

"ఏమయ్యా, నీళ్ళు పెట్రోలు వాసనొస్తున్నాయి."

"నీళ్ళు కాదే, నేను. రోజంతా అందులో నానుతున్నాను కదా."

ఆమె ఇంకో రెండుసార్లు అన్నది. అతను పని బట్టలు గుమ్మం బయటే విప్పడం మొదలుపెట్టాడు. సబ్బు మార్చాడు. చేతులు ఎర్రబడేలా రుద్దుకున్నాడు. చివరికి ఆమే రాజీపడి, రాత్రి పక్కన పడుకుని, "పోనీలే, నీ వాసనే. నాకలవాటైపోయింది" అంది. ఆ మాట ఎంత ముద్దుగా అన్నదో అతనికి నిన్నటిలా ఉంది.

ఆమె ఒంట్లో రక్తం పట్టకుండా పోతోందని తెలిశాక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు అన్నీ అడిగి, "ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు?" అన్నాడు. "బోరు నీళ్ళండీ, మంచి నీళ్ళు" అని అతనే చెప్పాడు. ఆమె అతనివైపు ఒకసారి చూసి, తల దించుకుంది. ఏడాది తిరక్కుండా పోయింది.

తర్వాత బంకు మూతపడింది. పెట్రోలు ముట్టుకుని ఆరేళ్ళయినా గదిలో వాసన పోలేదు. అది తన ఒంట్లోంచి వస్తోందనుకున్నాడు. కొన్ని తెల్లవారుజాముల్లో మాత్రం, తనకలవాటైన ఆ వాసన కోసం ఆమె వచ్చి మంచం పక్కన నిలబడిందనిపించేది. మెలకువ వచ్చినా కళ్ళు తెరిచేవాడు కాదు.

మధ్యాహ్నానికి డ్రిల్లింగ్ బండి వెనక గది దగ్గరికి చేరింది. బోరుకి పది అడుగుల దూరంలో తీసిన మట్టీ బూడిద రంగులోనే ఉంది. అమ్మాయి కుళాయి తిప్పి, చిన్న సీసాలోకి నీళ్ళు పట్టి, మూత పెట్టబోతూ ఆగింది.

"బాబాయ్, ఈ నీళ్ళు ఎవరైనా తాగుతున్నారా?"

"నేనున్నాను కదమ్మా. ఎక్కువగా బయటే తాగేస్తాను, టీ కొట్టు దగ్గర." గది గుమ్మం కేసి చూపించాడు. "మా ఆవిడ తాగేది. ఇల్లు కదిలేది కాదు."

"ట్యాంకుకి ఎప్పుడో చిల్లు పడి ఉంటుంది. దూరమే, కానీ బోరు వేసి తోడుతుంటే నేలలో నీళ్ళన్నీ ఇటే కదిలొస్తాయి. తోడినకొద్దీ పెట్రోలు కూడా వాటితో వచ్చుంటుంది."

అతను కుళాయి కేసి చూశాడు. పొద్దునా సాయంత్రం ఆమె అక్కడ వంగి నింపిన బిందెలు ఎన్నో లెక్కలేదు.

"అయితే అది నా వాసన కాదన్నమాట," అన్నాడు.

"ఏంటి బాబాయ్?"

"ఏం లేదమ్మా."

అమ్మాయికి ఏమర్థమైందో, జీపులోంచి రెండు పెద్ద నీళ్ళ సీసాలు తెచ్చి అతని పక్కన పెట్టింది. రేపటికల్లా గది ఖాళీ చెయ్యాల్సి రావచ్చని, ఎక్కడైనా ఉండటానికి చోటుందా అని అడిగింది.

"చెల్లెలుంది," అన్నాడు.

వాళ్ళు సామాన్లు సర్దుకుని ఎండ తగ్గకముందే వెళ్ళిపోయారు. అతను గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. వాసన ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి అది ఎవరిదీ కాదు. "చెప్పావు కదే," అన్నాడు గోడ వైపు చూస్తూ. "రెండుసార్లు కాదు, మూడుసార్లు చెప్పావు." తర్వాత మంచం పక్కకి చూశాడు. గది ఖాళీగానే ఉంది.

రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. ట్రంకు పెట్టె అడుగున ఆమె తల తుడుచుకునే నీలం చారల తువ్వాలు కనబడింది. దాన్ని మాత్రం సంచిలో పెట్టుకోలేదు. బయటికి తెచ్చి, సన్నగా కారుతున్న కుళాయి మూతికీ పిడికీ కలిపి చుట్టి, ఎవరూ తిప్పకుండా పళ్ళతో లాగి ముడేశాడు. గేటు దగ్గర తాళంచెవి గొళ్ళేనికి తగిలించి, చెల్లెలి ఇంటి వైపు నడిచాడు. వెనక ఏదో కారు హారన్ కొట్టింది. అతని చెయ్యి లేవలేదు.

కుళాయి దగ్గర తువ్వాలు, నీలం చారలు ముందుగా తడిసి, బొట్టుబొట్టుగా బరువెక్కుతూ, ముడి విడిపోకుండా అలాగే పట్టుకుని ఉంది.