నోట్లో దూది

ఓబుళమ్మకు గాలి సోకిందనీ, పొద్దున లేస్తూనే నోట్లో దూది కుక్కుకుని గడప మీద రాణిలాగా కూర్చుంటోందనీ పక్క షెడ్డు అక్కయమ్మ నీళ్ళ ట్యాంకరు దగ్గర నలుగురికి చెప్పిందట. ఆ నలుగురిలో ఒకామె ఓబుళమ్మ అత్తకు మోసింది. అత్త తన కొడుకు చెవిలో వేసింది. బెంగుళూరు కుందలహళ్ళి వెనక, కూలీల రేకుల షెడ్లలో ఒకరు తుమ్మితే నాలుగో ఇంట్లో వినిపిస్తుంది.

కూర్చున్న మాట నిజమే. ఒక్క రోజు.

ఇరవై రోజుల కిందట అపార్ట్‌మెంటు పునాది గుంతలో మన్ను విరిగిపడింది. ఓబుళమ్మ రొమ్ముల దాకా కూరుకుపోయింది. పక్కనే మన్ను మోస్తున్న మల్లమ్మ పూర్తిగా కిందికి పోయింది, ఒక్క చెయ్యి తప్ప. ఆ చేతిని ఓబుళమ్మ పట్టుకునే ఉంది. మొదట అది కూడా గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి ఎప్పుడు పట్టు వదిలేసిందో తెలియదు. అది తెలియకపోవడమే ఆమెను నిద్ర పోనివ్వడం లేదు. ఇప్పుడు ఎక్కడ లారీ మన్ను దించిన చప్పుడైనా ఆమె ఒళ్ళు బిగుసుకుపోతుంది. చేతిలో చెంబుంటే చెంబు, పిండి ఉంటే పిండి, పిడికిట్లో అట్లాగే ఉండిపోతుంది. ఆ పొద్దున ఏం జరిగిందో పోలీసులకు ఆమె మొగుడు తిరుపాలే చెప్పాడు. ఆమెను ఎవరూ అడగలేదు.

షెడ్లలో దీన్ని జడుపు అన్నారు. "దారం కట్టించినా గదా, ఇంగా ఏం జడుపు?" అంది అత్త.

ఆస్పత్రిలో జరీనా అనే కదిరి డాక్టరమ్మాయి వేరే మాట చెప్పింది. "భయమేస్తే ఒంట్లో ఒక రసం ఊరుతుందక్కా, హార్మోను అంటారు. మామూలుగా పొద్దున లేచినాక అది బాగా పెరగాల. పెద్ద దెబ్బ తిన్నోళ్ళలో కొందరికి పెరగదు. అట్లాంటోళ్ళలో కొందరికి ఆ భయం నెలలు గడిచినా పోదు. అదొక్కటే చూసి చెప్పలేం గానీ, అదీ చూడాల." మూడు రోజులకు మూడు చిన్న సీసాలు ఇచ్చింది, ఒక్కోదాంట్లో దూది ముక్క. లేచిన అరగంటకు దూది నమిలి సీసాలో వేయాలి. ఆ అరగంటా టీ తాగకూడదు, పని పెట్టుకోకూడదు, ఊరికే కూర్చోవాలి.

ఊరికే! గుంతలోంచి బయటపడ్డాక ఓబుళమ్మకు మొదటిసారి నవ్వొచ్చింది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో కళ్ళు తెరవడమూ బిందె చంకనెత్తుకోవడమూ ఆమెకు వేరువేరు పనులు కావు. నీళ్ళు, సంగటి, మొగుడి క్యారియరు, అత్త కాళ్ళకు కాపడం, ఎనిమిదికల్లా నెత్తిన మన్ను గంప. అయినా కూర్చుంది. క్రేను వెనక ఆకాశం తెల్లబడుతుంటే చూసింది. లెమ్మని కసరడం కూడా ఇంట్లో ఎవరికీ తోచలేదు, అంత విడ్డూరం అది. ఆ అరగంటలోనే ఆమెకు మొదటిసారి ఏడుపొచ్చింది. అంతవరకు ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు కాబోలు.

మర్నాడు తిరుపాలు కూర్చోనివ్వలేదు. "పిచ్చిదాన్ని కట్టుకున్నోడని నన్ను జూసి నవ్వుతాండారు. లెయ్, ట్యాంకరొచ్చింది."

"మరి సీసా?"

"ఉమ్మే గదా! ఎవురిదైతే ఏముండాది? నేను నమిలేస్తా పో."

రెండు పొద్దులు అతనే మంచం మీద కూర్చుని తమలపాకులాగా దూది నమిలాడు. ఆమె బిందెలతో అతని ముందునుంచే నడిచింది. అక్కయమ్మ అదీ చూసింది. ఎవరికీ చెప్పలేదు. మగవాడు ఊరికే కూర్చోవడం చెప్పుకునేంత మాట కాదు.

అతని తొందర అతనిది. మన్ను పనికి మేస్త్రీ జోడీనే పెట్టుకుంటాడు. మొగుడు తవ్వాలి, పెళ్ళాం మోయాలి. ఆమె దిగకపోతే అతనికీ పని లేదు.

వారం తరవాత జరీనా కాగితాలు ముందేసుకుని తల గోక్కుంది. "మొదటి రోజుది శానా తక్కువ ఉండాదక్కా. తరవాతి రెండూ బాగుండాయి. ఇట్లెందుకొచ్చిందో అర్థం కాలే. నిద్ర పడుతోందా?"

"పడతాది మేడమ్, గురక గూడా పెడతాది," అన్నాడు తిరుపాలు. "ఇంగ బాగైనట్టే గదా? సోమవారం నుంచి అదే గుంతలో పని. మేస్త్రీ జోడీ కోసం కాసుకోనుండాడు."

జరీనా అతనివైపు చూడలేదు. "కొన్నాళ్ళు గుంతలోకి దించొద్దని రాసిద్దామనుకున్నా. నువ్వు చెప్పక్కా, ఏం రాయమంటావు?"

ఓబుళమ్మ పిడికిలి కొంగును పట్టుకుని ఉంది. దాన్ని తనే, ఒక్కో వేలుగా విప్పుకుంది.

"ఆ రెండు సీసాలూ ఈయన ఉమ్మి మేడమ్. మన్ను రాలతాందన్నా, మన్ను రాలతాందన్నా అని మల్లమ్మ మొత్తుకుంటాన్నా మమ్మల్ని గుంతలోకి దింపింది ఈయనే. ఈయనకు బాగానే నిద్ర పడతాంది."