విడదీసేదాన్ని

నేను ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్కను. చూపుడు వేలంత పొడవుంటాను. ఒక కొస మందం, ఒక కొస పలుచన. బొమ్మ ఇటుకల పెట్టెలో నన్నూ వేస్తారు గానీ నేను ఇటుకను కాను. రెండు ఇటుకలు ఊడిరానంత గట్టిగా కరుచుకున్నప్పుడు వాటి మధ్య దూరి విడదీయడం నా పని. కట్టడం వాటిది. చప్పట్లూ వాటివే.

మేమంతా ఒకే చోట పుట్టాం. అవే ప్లాస్టిక్ గింజలు, అదే వేడి, అదే యంత్రం. వాటికి తల మీద బుడిపెలు, కడుపులో గుంటలు పెట్టినవాడు నాకు ఒక అంచు పెట్టి ఊరుకున్నాడు. ఒకదాని బుడిపె ఇంకోదాని గుంటలోకి దిగితే టక్కుమంటుంది. ఆ చప్పుడు వింటే మనుషుల ముఖాలు విప్పారతాయి. నేను పని చేసినప్పుడూ చప్పుడు వస్తుంది. దానికి ఎవరి ముఖమూ విప్పారగా చూడలేదు. దాచడమెందుకు, నాది పుట్టుకతో వచ్చిన అసూయ.

మొదట ఒక అపార్టుమెంటులో పడ్డాం. ఆ ఇంటాయన మాతో కోట కట్టబోయి, వంతెన దగ్గర ఏదో తప్పు చేశాడు. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం కన్నా మమ్మల్ని అటక ఎక్కించడం సులువని తేల్చుకున్నాడు. మనుషులు చాలా పనులను అలాగే ముగిస్తారు. ఆయన ఇల్లు మారినప్పుడు పాత సామాన్లవాడి చేతిలో పడి, విశాఖపట్నంలో ఒక ఆదివారం సంతకు చేరాం.

అక్కడ మమ్మల్ని కొన్నది పైడితల్లి. కంచరపాలెంలో జాకెట్లు, పిల్లల గౌన్లు కుట్టే మనిషి. సంచిలో రంగురంగుల ముక్కలు చూసి గుండీలనుకుంది. ఇంటికి వచ్చి మంచం మీద బోర్లించి, దారం ఎక్కించే కన్నం కోసం ఒక్కొక్కదాన్నే తిప్పి చూస్తుంటే, మేడ మీద గదిలో ఉండే ఆడపడుచు సత్యవేణి దిగి వచ్చింది.

"ఏటొదినా, గుండీలా ఇవి? పిల్లలాడుకునే ఇటకలు."

"ఈ ఇంట్లో పిల్లల్లేరు. అలాగని ఇటకలూరుకుంటాయేటి? కూకో, వేణమ్మా."

సత్యవేణి కూర్చుంది. అలా మొదలైంది.

సత్యవేణి మందుల షాపులో పని చేసేది. మాటలు కూడా మాత్రల్లాగే, అవసరమైనన్నే ఇచ్చేది. ఖాళీ మందుల డబ్బాలు తెచ్చి, రంగుకొక డబ్బా చొప్పున ఇటుకలను సర్దింది. నన్ను కనిపెట్టింది కూడా ఆమే. నా అంచును ఎక్కడ పెట్టి, ఎంత నొక్కాలో రెండో రోజుకే ఆమె చేతికి తెలిసిపోయింది.

పైడితల్లి సంగతి వేరు. దారం తెంపడానికి కత్తెర వెతుక్కునే మనిషి కాదు. పళ్లతో కొరికి తెంపేది. ఇటుకలనూ అలాగే కొరికి ఊడదీసేది.

"వదినా, పళ్లూడిపోతాయి. ఇదిగో, దీన్ని అందుకే ఇచ్చారు."

"దేవుడు నాకు ముప్పైరెండిచ్చాడు. నీ కంపెనీవోడు ఒకటిచ్చాడు. ఏది ఎక్కువ?"

ఇటుకలన్నీ నవ్వినట్టు నాకు అనిపించింది. పంటి గాటు పడ్డ ప్రతి ముక్కా తనకేదో బిరుదు ఇచ్చినట్టు మెరిసేది. నన్ను మాత్రం ఒక వానాకాలమంతా, చెప్పుకుంటే సిగ్గు, కుట్టుమిషను ఊగకుండా దాని కాలి కింద పెట్టింది. సత్యవేణి వెతికి వెతికి బయటికి తీసేదాకా గౌన్ల అంచులు కుడుతున్న ఆ అదురంతా నా వీపు మీదే.

పెద్దవాళ్లకు ఈ ఇటుకలతో పోటీ జరుగుతుందని షాపుకు వచ్చిన ఒకావిడ సత్యవేణితో చెప్పింది. ఇద్దరేసి జట్టు, ఆరు గంటల సమయం. జిగురు పనికిరాదు. గాట్లు పడ్డ ముక్కలు పనికిరావు. ఏ రెండు ముక్కలూ ముందుగా అతికి ఉండకూడదు, అన్నిటినీ విడివిడిగానే తేవాలి. చివర్లో న్యాయనిర్ణేత వచ్చి, కట్టడం ఉన్న పలకను రెండు చేతులా పట్టి కుదుపుతాడు. నిలబడితేనే మార్కులు.

ఆ మొదటి ఏడాది వదినా ఆడపడుచులు రెండో స్థానంలో ఆగిపోయారు. పంటి గాట్లున్న ముక్కలు తొమ్మిది దొరికాయట. గెలిచినవాళ్లు ఇద్దరు ఇంజనీర్లు. వాళ్ల ముక్కలు అద్దాల్లా ఉన్నాయి. పైడితల్లి వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి, వంగి చూసి, "ఏం బాబూ, ఇంట్లో ఎవరికీ పళ్లు లేవా?" అని అడిగింది. హాలంతా నవ్వింది. ఓడిపోయింది మేమే అయినా నవ్వులు మావైపే పడ్డాయి.

మరుసటి ఏడు 'మా ఊరి తీరం' అని అంశం ఇచ్చారు. తెల్లటి లైట్‌హౌస్ కడదామంది పైడితల్లి. ముందు సాధన చేయాలని మిషను బల్ల మీద మొదలుపెట్టింది. పద్దెనిమిది వరుసలు లేచాయి. ఆ సాయంత్రం జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఐదో రోజు సత్యవేణి ఒక్కతే తిరిగి వచ్చింది.

ఆ తర్వాత మిషను కుట్టలేదు. సగం లేచిన ఆ తెల్ల స్తంభం దాని మీద అలాగే ఉంది. సత్యవేణి రోజూ షాపుకు వెళ్లే ముందు మెత్తటి గుడ్డతో దాని దుమ్ము తుడిచేది. పక్కనే ఉన్న నా మీద కూడా దుమ్ము పడేది. అది అలాగే ఉండేది.

ఆ స్తంభాన్ని నేను ఎంత ద్వేషించానో చెప్పలేను. పైడితల్లి చేయి చివరగా తాకినవి ఆ ముక్కలు. నన్ను ఆమె చివరగా తాకింది నాకు బాగా గుర్తుంది. మిషను కాలి కిందికి, కాలి బొటనవేలితో తోసింది.

పోటీకి మూడు వారాలుందనగా సత్యవేణి అన్న అప్పలరాజు గుమ్మంలో నిలబడ్డాడు. పైడితల్లి భర్త. బస్సు డిపోలో మెకానిక్కు.

"చెల్లీ, పోటీకి పేర్లిచ్చీసేను."

"ఎవరివి?"

"నీదీ, నాదీ. నాకు కట్టడం రాదు. ముక్కలందిస్తాను."

సత్యవేణి మిషను మీది స్తంభం వైపు తిరిగింది. "తెల్ల ముక్కలన్నీ అందులోనే ఉన్నాయన్నయ్యా" అంది.

"తెలుసు."

"విప్పాలి."

"మీ వదినైతే ఈపాటికి కొరికి పారీసీది."

రెండు ఆదివారాలు ఆమె దాని ముందు కూర్చుని లేచిపోయింది. మూడో ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, నన్ను చేతిలోకి తీసుకుంది. నాలో సంతోషం పొంగింది. ఆ పొంగును తలుచుకుంటే ఇప్పుడు బాగోదు గానీ, పొంగింది. ఈ ముక్కలు ఎన్నాళ్లు అంటిపెట్టుకుని ఉంటాయో చూద్దాం అనుకున్నాను.

పద్దెనిమిదో వరుస వచ్చింది. పదిహేడు వచ్చింది. ఒక్కొక్క ముక్కా ఊడి డబ్బాలో పడుతోంది. పన్నెండో వరుసలో ఆమె చేయి ఆగింది. ముక్క అంచున రెండు చిన్న సొట్టలు. సత్యవేణి వాటి మీద గోటితో రాసి చూసింది. ఆ ముక్కను తెల్లవాటిలో వేయలేదు. లేచి వెళ్లి, మూత గట్టిగా ఉండే ఒక చిన్న డబ్బా తెచ్చి అందులో వేసింది. అలాంటివి పంతొమ్మిది తేలాయి. ఊడదీసింది నేను. చిన్న డబ్బా దొరికింది వాటికి.

అట్టడుగున రెండు పలుచటి పలకలు మిగిలాయి. ఒకదాని మీద ఒకటి, అతికినట్టున్నాయి. చుట్టూ గాట్లే. పైడితల్లి కూడా వాటితో పోరాడి ఓడిపోయిందన్నమాట. నా అంచు మూడుసార్లు జారింది. నాలుగోసారి సత్యవేణి నన్ను పక్కన పెట్టి, ఆ పలకలను నోటి దాకా తీసుకెళ్లింది. పెదవులకు ఆనించింది. కొరకలేదు. అలాగే చిన్న డబ్బాలో వేసి మూత పెట్టింది.

పోటీ రోజు హాల్లో బల్లలన్నీ నిండాయి. అప్పలరాజు గ్రీజు పోని వేళ్లతో ముక్కలు అందించాడు. ఎర్రది అడిగితే నారింజది ఇచ్చాడు, తిట్టించుకున్నాడు, మళ్లీ ఇచ్చాడు. తెల్లవి చాలనిచోట మీగడ రంగువి పెట్టుకుంటూ సత్యవేణి పద్దెనిమిదో వరుస దాకా వచ్చింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, పంతొమ్మిదోది పెట్టింది. ఆ పైన కట్టిందంతా ఆమె సొంతం.

ఇంకో ఐదు నిమిషాలు ఉందనగా పైనున్న దీపం గది ఒక పక్కకు ఒరిగింది. ఆమె నాతో ఒక ముక్క ఊడదీసి సరిచేసింది. అంతలో న్యాయనిర్ణేత వచ్చేశాడు. ఆమె రెండు చేతులూ స్తంభం మీద ఉన్నాయి. నన్ను పెట్టుకోవడానికి చోటు లేదు. సత్యవేణి నన్ను పళ్ల మధ్య పట్టుకుని, స్తంభాన్ని మెల్లగా వదిలింది.

ఆయన పలక అంచులు పట్టుకున్నాడు. కుదిపాడు. స్తంభం ఊగింది. ఇంకాస్త గట్టిగా కుదిపాడు. ఆయన కుదిపినంతసేపూ ఆమె పళ్లు నాలోకి దిగుతూనే ఉన్నాయి.

నిలబడింది.

"మధ్యలో ఈ రంగేమిటమ్మా? తెల్లవి అయిపోయాయా?" అని అడిగాడు న్యాయనిర్ణేత.

నేను నోట్లో ఉండగా ఆమె ఏం మాట్లాడుతుంది? అప్పలరాజే చెప్పాడు. "ఉన్నాయండి. ఇంటి దగ్గరున్నాయి."

మూడో బహుమతిగా స్టీలు క్యారేజీ ఇచ్చారు. మరునాడే అప్పలరాజు అందులో అన్నం పట్టుకుని డిపోకు వెళ్లాడు. సత్యవేణి డబ్బాలు సర్దుతూ నన్ను తీసి, కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. గోటితో రాసి చూసింది. ఆమె ముఖం విప్పారింది. నావల్ల ఒక ముఖం అలా కావడం నేను మొదటిసారి చూశాను. తర్వాత చిన్న డబ్బా మూత తీసి, నన్ను అందులో పెట్టింది.

ఇప్పుడు ఆ పంతొమ్మిదింటి పక్కన ఉన్నాను. వాటి గాట్లు లోతైనవి, నాది పైపైన. అవి పడ్డవి పైడితల్లి పళ్ల నుంచి, నాది ఈమె పళ్ల నుంచి. అసూయ పోయిందంటే అబద్ధం. అతుక్కుపోయిన ఆ రెండు పలకలూ ఇక్కడే, నా అంచుకు తగిలేంత దగ్గరలో ఉన్నాయి. డబ్బా కదిలినప్పుడల్లా నా అంచు వాటి మధ్య సందుకు ఆనుతుంది.

నేను పక్కకు ఒత్తిగిలతాను.