కొబ్బరినూనె తాగిన కారు

మార్గశిరం చలికి చిలకలూరిపేట పక్క పల్లెలన్నీ ముసుగు తీయడానికి బద్ధకిస్తుంటే, బుడాన్ అద్దెకు తిప్పే కారు అసలు లేవనే లేవనని మొండికేసింది. తాళంచెవి దూరింది గానీ తిరగలేదు. బలవంతంగా తిప్పితే విరిగి లోపలే ఉండిపోతుందని భయం.

మామూలు రోజైతే బుడాన్ బీడీ ముట్టించి, ఎండెక్కేదాకా కూర్చునేవాడే. ఇవాళ అలా కుదరదు. పక్కింటి వెంకయ్య కూతురు కోటిరత్నానికి పది గంటలకు ఒంగోల్లో టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూ. పగలు మిరపకాయలు కోసి, సాయంత్రాలు చదువుకుని అక్కడిదాకా వచ్చిన పిల్ల. ఆరింటి బస్సుకు పోతానంటే, "నేనుండగా నీకు బస్సేంటమ్మా!" అని ఆపింది బుడానే. ఆ బస్సు వెళ్లి గంటయింది. ఇంకో బస్సు పదింటికి గానీ లేదు.

జనం పోగయ్యారు. తోద్దామన్నారు. తాళం తిరగందే తోసి ఏం లాభం? వేడినీళ్లు పోయమన్నాడు బాపయ్య. నిమ్మకాయ కట్టమంది హనుమాయమ్మ. ఆ నిమ్మకాయ మాట బుడాన్‌కు భలే దొరికింది.

"దిష్టే! నిన్న సాయంత్రం వెంకయ్యన్న దీని చుట్టూ మూడుసార్లు తిరిగి, కొత్త పెళ్లికూతుర్లా ఉందిరా అన్నాడు. అన్నావా లేదా అన్నా?"

వెంకయ్య మొహం చిన్నబోయింది. "బాగుంటే బాగుందన్నానురా. నా కూతురు ఎక్కే బండికి నేనెందుకు దిష్టి పెడతాను?" అని, అరుగు చివరికి పోయి అటు తిరిగి కూర్చున్నాడు.

ఏం పాలుపోక బుడాన్ ఇంట్లోకి వెళ్లాడు. భార్య జోహరాబీ పొయ్యి ముందు కూర్చుని కొబ్బరినూనె సీసాను సెగకు చూపిస్తోంది. చలికి నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది.

"మొన్ననేగా నిండా తెప్పించాను. అప్పుడే సగమైంది. ఎవరు తాగుతున్నారో ఏమో!" అంటోంది.

బుడాన్‌కు అప్పుడు వెలిగింది. తాగింది కారు. తాగించింది తను. నిన్న పొద్దుపోయే వేళ తాళం కాస్త పట్టేస్తున్నట్టుంటే, పొద్దున్నే పేచీ పెట్టకూడదని, బిడ్డ తలకు రాసినంత ప్రేమగా ఆ రంధ్రంలోకి నూనె వంపాడు. జిన్నింగ్ మిల్లు నుంచి ఎగిరొచ్చిన దూది నూగు, మిరప దుమ్ము అందులో ఎప్పటినుంచో ఉండనే ఉన్నాయి. అంతా కలిసి తెల్లారేసరికి మైనంలా బిగుసుకుంది.

జోహరాబీ తండ్రి హుస్సేన్ సాహెబ్ పేటలో తాళాలు బాగుచేసేవాడు. పోయి రెండేళ్లయింది. "అల్లుడూ, తాళానికి నూనె పెట్టకు. పెన్సిల్ మొన గీకి ఆ పొడి రాయి. చలికాలం వచ్చినప్పుడు నన్ను తలుచుకుంటావు" అని పదిసార్లు చెప్పాడు. స్టీరింగ్ పట్టుకోవడం రాని మనిషి నాకు చెప్పేదేంటని బుడాన్ నవ్వేవాడు. ఇప్పుడు తలుచుకున్నాడు. ఎంతో ఇదిగా తలుచుకున్నాడు.

నిమ్మకాయ కట్టి, చాటుగా పని కానిచ్చేసి, దిష్టి దిగిందనొచ్చు. పరువూ దక్కుతుంది. కానీ కిటికీలోంచి వెంకయ్య వీపు కనబడింది. సిగ్గు నిలువునా ముంచేసింది.

బయటికొచ్చి అందరి ముందూ అరిచినట్టే చెప్పాడు. "దిష్టీ లేదు, గిష్టీ లేదు. తాళంలో కొబ్బరినూనె పోసింది నేను. అమ్మా కోటిరత్నం, నీ దగ్గర పెన్సిలుందా?"

జనం ఘొల్లుమన్నారు. వెంకయ్య మాత్రం ఇటు తిరగలేదు.

బుడాన్ బ్యాటరీ వైరు ఊడదీశాడు. తాళంచెవిని గుడ్డతో పట్టుకుని పొయ్యి మీద కాచి, రంధ్రంలో పెట్టి, కరిగిన నూనెను తుడిచి, మళ్లీ కాచాడు. నాలుగో సారికి నల్లటి జిడ్డంతా బయటికొచ్చింది. ఈలోగా కోటిరత్నం పెన్సిల్ మొన గీకి గీకి కాగితంలో పొడి చేసింది. చల్లారిన తాళంచెవికి ఆ పొడి పట్టించి పెడితే, కిటుక్కున తిరిగింది. బ్యాటరీ వైరు మళ్లీ తగిలించగానే బండి లేచింది.

"ఎక్కమ్మా!"

ఒంగోలు చేరేసరికి పదికి అయిదు నిమిషాలు తక్కువ. చేతులు కడుక్కునే వ్యవధి లేక కోటిరత్నం అలాగే పరిగెత్తింది. అరగంటకు నవ్వుకుంటూ తిరిగొచ్చింది.

"వేళ్లకు ఆ నలుపేంటన్నారు బాబాయ్. జరిగింది చెప్పాను. ఇదే పిల్లలకు పాఠంగా ఎలా చెబుతావన్నారు. నూనె ఎందుకు గడ్డకట్టిందో, పెన్సిల్ పొడి ఎందుకు జారుతుందో చెప్పాను. సోమవారం చేరమన్నారు!"

"నూనె పోసింది నేనేనని చెప్పావా?"

"చెప్పాను."

"చెప్తే చెప్పావులే" అన్నాడు బుడాన్, కళ్లు తుడుచుకుంటూ.

ఊళ్లో కారు ఆగగానే కోటిరత్నం తండ్రి చెయ్యి పట్టుకుని సంగతి చెప్పింది. వెంకయ్య పొంగిపోయాడు. పొంగిపోతూనే, పొరపాటున కూడా చూపు కారు మీద పడకుండా తల పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

బుడాన్ వెళ్లి ఆయన భుజాలు పట్టి కారు వైపు తిప్పాడు.

"చూడన్నా. బాగుందను. పేట దాకా వినపడేట్టు అను."