పిక్క దాటిన వాపు

ధర్మసాగర్ పక్క ఊళ్లో పత్తి ఏరుతుంటే సోమక్క పాదంలో ఎండు పుల్ల దిగింది. మర్నాటికి పాదం ఎర్రగా ఉబ్బింది.

"పసుపు పెట్టుకో. ఏరుడు అయినంక దవాఖానకు పోదాం," అన్నాడు భర్త యాకయ్య.

మూడో రోజు వాపు పిక్కకెక్కి, ఒళ్లు కాలిపోతుంటే సోమక్క తమ్ముడు సారయ్య ఆమెను ఆటోలో వరంగల్ దవాఖానకు తీసుకొచ్చాడు. యాకయ్య తిట్టుకుంటూ వెనకాలే బండి మీద వచ్చాడు.

డాక్టర్ పద్మలత సూది మందులు మొదలుపెట్టింది. సాయంత్రానికి వాపు మోకాలు చేరింది. యాకయ్య డాక్టర్ గది తలుపు నెట్టుకుని లోపలికొచ్చాడు. వెంటే సారయ్య.

"ఏం మందేసినవ్? వచ్చినప్పుడు పిక్క దాకనే ఉండె. నీ మందుకే పెరిగింది!" అని అరిచాడు యాకయ్య.

పద్మలత కూర్చోమనలేదు. "గొంతు తగ్గించు. మందు బ్యాక్టీరియాను చంపుతది. అది ముందే ఇడిసిన విషాన్ని చంపదు. ఆ విషం ఒక కణంలకెల్లి పక్క కణంలకు పోతాంది. దెబ్బతిన్న కణాలు ఆపద ఉన్నదని కబురు పెడ్తె ఒళ్లంతా దాని మీద పడతది. ఆ కొట్లాటే ఈ వాపు, ఈ మంట. అందులో మంచి కండ గూడ చస్తాంది. చచ్చిన కండ ఇప్పుడే కోసి తియ్యాలె."

"కోసుడు లేదు. కుంటిదాన్ని ఇంట్ల పెట్టుకోని నేనేం చెయ్యాలె? సంతకం పెట్ట!"

"రెండు రోజులు ఇంట్ల పెట్టుకున్నది నువ్వే."

సారయ్య బావ కాలర్ పట్టుకున్నాడు. పద్మలత ఇద్దరినీ తప్పించుకుని బయటికి నడిచింది. "ఆమె తెలివిలనే ఉన్నది. ఆమెనే అడుగుత."

పక్కనే వార్డు. సోమక్కకు మాటలన్నీ వినపడ్డాయి. పళ్లు బిగబట్టి, "కాలు నాది. కాయితం ఇటియ్యి మేడం," అంది.

"నన్ను కాదని సంతకం పెడ్తె ఇంటికి రాకు!" గుమ్మంలోంచి అరిచాడు యాకయ్య.

"రాను," అని సంతకం పెట్టింది.

మూడుసార్లు కోశారు. పిక్క సగం పోయింది. నొప్పికి సోమక్క దుప్పటి అంచు కొరికిన రోజులున్నాయి. నెల దాటాక జ్వరం విడిచింది, కర్ర పట్టుకుని నిలబడగలిగింది.

ఇంటికి పంపే రోజు యాకయ్య ఇంట్లో ఉన్న ఆమె చీరలు సంచిలో వేసుకుని వచ్చాడు. "జర పొరపాటైంది. నడువు పోదాం."

సోమక్క సంచి అందుకుని లోపల చూసింది. తనకున్న నాలుగు చీరలూ ఉన్నాయి.

"మంచిగైంది. వీటి కోసం నీ ఇల్లు తొక్కే పని తప్పింది," అంది.

సారయ్య భుజం పట్టుకుని మెట్లు దిగింది. యాకయ్య తిట్లు కింద దాకా వినిపిస్తూనే ఉన్నాయి.