ఇంకో ఏడాది ఆగు బావా

ఆ హోటల్లో పైన భోజనాల గదికి బావ రాజు, కింద నేలమాళిగకి మరదలు కాపలా. ఎర్ర వైన్ సీసాలు ఎడమ గోడకి, తెల్లవి కుడి గోడకి, అన్నీ పడుకోబెట్టి ఉంటాయి. బిరడా తడిగా ఉంటేనే లోపలికి గాలి పోదు. గాలి పోయిందా, వైన్ చచ్చినట్టే. ఎండ పొడ తగలని ఆ చల్లదనంలో ఆమె ఇరవై ఏళ్లుగా సీసాల్నీ కాచింది, తన కడుపుమంటనీ కాచుకుంది.

ఆ మంట ఊరికే రాజుకోలేదు. ఇరవై ఏళ్ల కిందట వైన్ రుచి చూసేవాళ్ల సంఘం ఒక పరీక్ష పెట్టింది. పన్నెండు గ్లాసులు ముందు పెడతారు. వాసన చూసి, పుక్కిలించి, ఉమ్మేసి, ఏ తోటదో ఏ ఏడాదిదో చెప్పాలి. సంఘంలోకి తీసుకునేది ఒక్కరినే. అక్కడికి అత్తరు పూసుకుని వెళ్లడమంటే పాలగిన్నెలో కిరసనాయిలు పోసినట్టే. బావా మరదలూ ఇద్దరూ వెళ్లారు. గుమ్మంలో బావ ఆమె కోటు అందించి, "లోపల చలిగా ఉంది, తొడుక్కో అమ్మాయ్" అన్నాడు. చెయ్యి దూర్చగానే అక్క వాడే అత్తరు గుప్పుమంది. విప్పేలోపే పరీక్ష పెట్టేవాళ్లు ముక్కులు మూసుకుని ఆమెకి తలుపు చూపించారు.

బావ నెగ్గాడు. ఆమెకి ఇంకెక్కడా గడప తొక్కే వీల్లేకపోయింది. అప్పుడు దయ తలిచినట్టు ఈ తాళాలు చేతిలో పెట్టాడు. "మా మరదలికి ముక్కుంది గానీ, దాన్ని అత్తరులో ముంచుకుంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. నెగ్గాడన్న మాటే గానీ అతని ముక్కు మొహానికి అందం కోసం ఉన్నదే. ఏ సీసా ఎప్పుడు తెరవాలో కింద ఆమె చెప్పేది, పైన అతను తన మాటగా చెప్పేవాడు.

పదహారేళ్ల కిందట ఫ్రాన్సులోని బర్గండీ నుంచి తెల్ల వైన్ సీసాలు అరవై దిగాయి. అప్పటికింకా లేతవి. తను సంఘానికి అధ్యక్షుడయ్యే రోజున వాటిని తెరుస్తానని బావ ఊరంతా చాటాడు. ఏటా చలి మొదలయ్యే వారంలో ఆమె ఒక సీసా తెరిచి చూసేది. బావ మెట్ల మీదే నిలబడి అడిగేవాడు.

"ఏమంటోంది మన తెల్లపిల్ల?"

"ఇంకా పుల్లగా ఉంది. ఒక గుక్క చూస్తావా?"

"నువ్వు చూశావుగా, చాల్లే."

మొదటి ఆరేళ్లూ ఆమె ఉన్నమాటే చెప్పింది. ఏడో ఏట తెరిచిన సీసా మొదటి గుక్కకే ఆమెని కూలబడేలా చేసింది. తేనె, వేయించిన బాదం, అప్పుడే వాన తడిపిన రాయి. మింగాక కూడా చాలాసేపు నోరంతా వెలుగుతున్నట్టే ఉంది. దాని వయసు వచ్చేసింది. మహా అయితే ఇంకో మూడేళ్లు, ఆపైన దిగుడే. కొన్ని ఎర్రవి ముప్ఫై ఏళ్లయినా నిలుస్తాయి గానీ, ఈ తెల్లదానికి అంత ఆయుష్షు లేదు.

మెట్ల మీంచి బావ అడిగాడు. ఆమె నాలుక మీద ఆ రుచి ఇంకా ఆరలేదు.

"ఇంకో ఏడాది ఆగు బావా."

"ఆగుదాం. నిదానమే ప్రధానం," అని అతను పైకెళ్లిపోయాడు. ఆమె మిగతా సీసా తనే తాగి, గోడకి తల ఆనించుకుని ఏడ్చింది. శత్రువుని కొట్టడానికి తన బిడ్డనే కర్రగా ఎత్తినట్టయింది ఆమె పని.

పదో ఏట రుచి అలిసింది. పన్నెండో ఏట కోసి వదిలేసిన ఆపిల్ వాసన వేసింది. పదిహేనో ఏట అక్క ఏదో పని మీద కిందికొచ్చి గ్లాసులో గోధుమరంగు చూసింది.

"ఏమే, టీ తాగుతున్నావా?"

"మీ ఆయన తెల్లపిల్ల, అక్కా."

అక్క వాసన చూసి మొహం చిట్లించింది. "ఆలస్యం అమృతం విషం అంటే ఇదే కాబోలు. ఆయనకి చెప్పవా?"

"రుచి చూడమని ఏటా అడుగుతూనే ఉన్నాను."

అక్క గ్లాసు కింద పెట్టింది. "నీ పరీక్షనాడు నా అత్తరుసీసా సగానికి సగం ఖాళీ అయింది. ఎవరు వాడారని నేనూ అడగలేదు," అని మెట్లెక్కింది. పైన నోరు విప్పలేదు.

మరుసటేడు రానే వచ్చింది. దిగిపోయే అధ్యక్షుడు, సంఘం పెద్దలు, మొత్తం ముప్ఫై మంది మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. భోజనం కాగానే బావ పేరు ప్రకటించాలి. తెల్లబట్ట పరిచిన బల్ల మీద గోధుమరంగుకి తిరిగిన వైన్ గ్లాసులు వరసగా నిలిచాయి. పెద్దలు వాసన చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావ మాత్రం ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"పదహారేళ్ల ఓపిక ఇది. తేనె... బాదం..."

"ఇది చచ్చి ఆరేళ్లయింది," అన్నాడు దిగిపోయే అధ్యక్షుడు.

బావ గ్లాసు దించాడు. గుమ్మం దగ్గరున్న మరదలి వైపు వేలు చూపించాడు. "దాన్నే అడగండి. ఏటా ఆగమన్నది అదే. దానికి ముక్కు లేదని నేను ఎప్పటినుంచో చెబుతున్నాను."

అందరూ ఆమె వైపు తిరిగారు. తెలీదంటే బావ మాటే నిజమై, ఉన్న ఒక్క పేరూ పోతుంది. తెలుసంటే ఇంకెవరూ ఆమెకి సీసా అప్పగించరు. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు.

"తెలుసండీ. ఏడో ఏట దీనికి వయసొచ్చింది. పదో ఏట అలిసింది. పన్నెండులో ఆపిల్ వాసన మొదలైంది. పదహారేళ్లూ ఒక గుక్క చూడమని అడిగాను. మీ కొత్త అధ్యక్షుడు ఒక్కసారి కూడా గ్లాసు ముట్టలేదు. ఇందాక ముట్టి ఏమన్నాడో మీరే విన్నారు."

ఎక్కడో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. దిగిపోయే అధ్యక్షుడు బావ పేరు రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆయన సంగతి తెలిసింది. నువ్వు మాత్రం తెలిసి తెలిసి చంపావమ్మా. నేనైతే నీ చేతికి తాళం ఇవ్వను."

"ఇవ్వకండి," అంది ఆమె.

నడుము నుంచి తాళాలు తీసి బావ పళ్లెం పక్కన పెట్టింది. "కింద ఇంకా నాలుగు వేల సీసాలున్నాయి బావా. ఏది ఎప్పుడు తెరవాలో ఇక నువ్వే రుచి చూసుకో."

బావ తాళాల వంక చూశాడు గానీ చెయ్యి చాపలేదు.