అత్తమ్మ కండ్లు

పొద్దున నాలుగున్నరకు అలారం మోగితే సునంద లేచి కూర్చుంది కానీ కండ్లు లేవలేదు. రెప్పలు మైదా ఉడికించి అంటించినట్టు అతుక్కుపోయి ఉన్నాయి. గోడ పట్టుకుని పోయి, నీళ్ళు కొట్టుకుని, పుసి తీసి అద్దంలో చూసుకుంటే రెండు పండుమిరపకాయలు కనబడ్డాయి. నిన్న ఒక కంటికే ఉండింది కలక. మెడికల్ షాపువాడు అడక్కుండానే చేతిలో పెట్టిన చుక్కలు వేసుకుంటే తెల్లారేసరికి రెండోదానికీ పాకింది.

పటేల్‌గూడలో వాళ్ళది రెండు గదుల కిరాయి ఇల్లు. లోపలి గదిలో మొగుడు జైపాల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వంటింటి గడప దగ్గర చాప మీద అత్త బక్కమ్మ అప్పటికే లేచి కొప్పు ముడుచుకుంటున్నది.

"ఏందే, గట్ల తడుముతున్నవ్?"

"కలక అత్తమ్మా. రెండు కండ్లకు అయింది."

"ఇగ ఇయ్యాల డ్యూటీ లేనట్టేనా?"

సునంద పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడింది. డ్యూటీ లేనట్టే అంటే ఆ ఒక్కరోజుతో పోయేది కాదు.

కంపెనీలో ఆమె పని చూడడం. ఇంజెక్షన్ మందు నింపిన చిన్న సీసాలను దీపం ముందు తలకిందులు చేసి, ఒకసారి నల్లబోర్డుకు ఆనించి, ఒకసారి తెల్లబోర్డుకు ఆనించి చూడాలి. నూలుపోగో, గాజుపెంకో, ఏ చిన్న నలుసు పైకి తేలినా ఆ సీసా ఎర్ర ట్రేలో పడాలి. చూసీ చూడనట్టు పోవడం ఆడవాళ్ళకు ఇంట్లో నేర్పిన విద్య. ఈ లైన్ మీద మాత్రం ఆ విద్యకు జీతం కోస్తారు. ఏండ్ల నుంచి సునంద కాంట్రాక్టు మీదనే చూస్తున్నది. శుక్రవారం కంటి పరీక్ష ఉంది. పాసైనవాళ్ళను ఈసారి కంపెనీ రోల్ మీదికి తీసుకుంటామన్నారు. కలకలు వచ్చే కాలమని సూపర్‌వైజర్ నర్సింగ్ రోజూ గేటు దగ్గర టార్చిలైటు పట్టుకుని నిలబడి, రెప్పలు తెరిచి చూస్తున్నాడు. ఎర్రకండ్లవాళ్ళు ఇంటికి. వాళ్ళ కుర్చీలో సాయంత్రానికి ఇంకో పిల్ల. మంగళవారం కుర్చీ పోతే శుక్రవారం పరీక్ష ఎక్కడిది?

బక్కమ్మ కొప్పు ముడవడం పూర్తిచేసింది.

"నావి తీస్కపో."

"నీకెట్ల అత్తమ్మా?"

"నాకేం పనుంది? టీవీల సీరియలే గద, చెవులతోని సూస్త. నీ జీతం రాకుంటే ఆ టీవీకి రీఛార్జి ఎవడు ఏస్తడే?"

వాడకట్టులో ఆడవాళ్ళు చింతపండు, చాయపత్తి అరువు తెచ్చుకున్నట్టే కండ్లు కూడా తెచ్చుకునేవాళ్ళు. పెండ్లిచూపులకని, సూదిపనికని, పరీక్షలకని. మగవాళ్ళు ఎన్నడూ అడగలేదు. వాళ్ళకు ఎప్పుడూ తమ చూపే చాలింది. బక్కమ్మ గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి చిటికెడు ఉప్పు వేసింది. ఒకసారికి ఒక కన్నే తియ్యాలి, ఇద్దరిలో ఎవరూ చీకట్లో పడొద్దని. రెప్ప కింద బొటనవేలు ఆనించి, పండులోంచి గింజ జార్చినట్టు జార్చి, నీళ్ళలో ఒక ముంచు ముంచి, ఎదుటి మనిషికి పెట్టాలి. కుడిది కుడికి, ఎడమది ఎడమకు.

అయిపోగానే ఇద్దరూ రివాజు ప్రకారం మొదట పొయ్యిని చూశారు. అరువు కండ్లతో ఇంటి మగవాడిని ఎదురుగా చూడొద్దనేది రెండో రివాజు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రివాజు పెట్టింది ఎవరో కనుక్కుంటే, ఎందుకు పెట్టారో అడిగే పని ఉండేది కాదు.

"అబ్బో," అంది బక్కమ్మ కండ్ల నీళ్ళు తుడుచుకుంటూ. "కారం జల్లినట్టున్నది గదనే! గీ మంటతోని అన్నం వండినవా రాత్రి?"

"వండకుంటే ఎవరు వండుతరు అత్తమ్మా?"

బక్కమ్మ తడిగుడ్డ మొహం మీద కప్పుకుని చాప మీద ఒరిగింది. జైపాల్ లేచి, తయారై, డ్యూటీకి పోయేదాకా ఆ గుడ్డ తియ్యలేదు.

గేటు దగ్గర నర్సింగ్ టార్చి వేసి, తెల్లటి ముసలి కండ్లను చూసి, "అత్తమ్మయా? సరే పో, కానీ శుక్రవారం మాత్రం సొంతయి తేవాలె అక్కా," అన్నాడు. పరీక్షకు అరువు కండ్లు చెల్లవని నోటీసు బోర్డు మీద ఎప్పటినుంచో ఉంది. లైన్ మీద కూర్చున్నాక సునందకే ఆశ్చర్యం వేసింది. బియ్యంలో రాళ్ళు, పప్పులో మట్టిపెళ్ళలు ఏరుతూ అరిగిన కండ్లు అవి. అలవాటైన చేటలాగా సీసాల మీద ఆడాయి. ఆమె చెయ్యి ఎత్తకముందే నలుసును పట్టేశాయి.

డ్యూటీ దిగి వచ్చి, సునంద అత్తను ఆటోలో ఎక్కించుకుని హైవే మీది ప్రైవేటు కండ్ల దవాఖానకు తీసుకపోయింది. కార్మికుల దవాఖానలో కండ్ల డాక్టర్ వచ్చేది శుక్రవారమే. జైపాల్ పర్మినెంటు ఉద్యోగి. వాళ్ళ కంపెనీ బీమాలో పెండ్లాం, తల్లి ఇద్దరూ ఉన్నారు. దవాఖానలో చేరకుండా కండ్లూ పండ్లూ చూపించుకున్నా బీమా చెల్లుతుందని ఈ ఏడే కొత్తగా చేర్చారు. కార్డు ఫోటో సునంద ఫోన్‌లో ఉంది.

కౌంటర్‌లో కూర్చున్న పిల్ల చాతి మీద రవళి అని పేరు బిళ్ళ ఉంది. కార్డు చూసింది, ఇద్దరి మొహాలు చూసింది.

"ఎవరి కండ్లు ఎవరి దగ్గరున్నయి?"

"నాయి అత్తమ్మ దగ్గర."

"అయితే క్లెయిమ్ మీ పేరు మీదనే పెట్టాలె మేడం. బీమా కంపెనీకి మొహంతోని పని లేదు. కండ్లు ఎవరియో వాళ్ళ పేరే." రవళి కంప్యూటర్‌లో చకచకా కొట్టింది. పేషెంటు, సునంద. కండ్లు ప్రస్తుతం ఉన్న చోటు, బక్కమ్మ. "మీ సార్ ఫోన్‌కు ఓటీపీ పోయింది. జల్దీ అడగండి, ఎక్కువసేపు ఉండదది."

సునంద ఫోన్ చేసింది.

"ఏం ఓటీపీ?" అన్నాడు జైపాల్. వెనక మిషన్ల చప్పుడు.

"కండ్ల దవాఖాన్ల ఉన్నం. కలకకు."

"ఎవరి పేరు మీద?"

"నా పేరు మీదనే."

"ఇంటికి పో. సాయంత్రం మాట్లాడుదం," అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కట్ చేశాడు. ఆ తర్వాత స్విచ్ఛాఫ్.

ఓటీపీ గడువు దాటిపోయింది. రవళి తల దించుకుని, "రోజూ గిట్ల వస్తనే ఉంటరు మేడం," అంది మెల్లగా. "కార్డు మీద పేరు మీదే ఉంటది, ఫోన్ మాత్రం వాళ్ళ జేబుల ఉంటది. ఎనిమిది దాకా ఉంటం. మళ్ళ రండి."

చేతి నుంచి పెట్టుకుందామన్నా జీతం పడే ఏడో తారీఖు ఇంకా రాలేదు. ఆటోలో బక్కమ్మ తడిగుడ్డ అదుముకుంటూ, "వానికి పని ఎక్కువుండొచ్చు," అంది. మొగుడి తప్పును పని మీదికి నెట్టడం సునందకూ తెలిసిన విద్యే.

ఆరు దాటాక జైపాల్ వచ్చాడు. చొక్కా విప్పి తలుపు మీద వేశాడు. కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పమన్నట్టు కాళ్ళు ముందుకు చాపాడు. అది అడగడం ఎప్పుడో మానేశాడు, కాళ్ళు చాపడమే అడగడం.

సునంద పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి నిలబడింది.

"గా శుక్రవారం పరీక్ష కోసమేనా ఈ పరేషాన్ అంతా?" అన్నాడు. "కలక వచ్చింది మంచిదే అయింది. ఇంట్ల పడుండు. పొద్దుగాల నాలుగున్నరకు లేసుడు, బస్సు ఎంబడి ఉరుకుడు, మా డిపార్ట్‌మెంటుల ఒక్కొక్కడు అడుగుతుండు, నీ పెండ్లాం గూడ పర్మినెంటు అయితదటనే అని. ఇంట్ల ఒక్క పర్మినెంటు చాలదా?"

"నువ్వు ఓటీపీ ఎందుకు ఇయ్యలే?" అంటూ సునంద గిర్రున తిరిగింది. కోపంలో రివాజు గుర్తు లేదు. ఎదురుగా చూసింది.

కుర్చీలో జైపాల్ లేడు. మొలతాడు తప్ప నూలుపోగు లేని బక్కపిల్లవాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. చలిజ్వరంతో పెదవులు పగిలాయి. ముక్కు కారుతున్నది. పొద్దంతా ఏం తిన్నాడో ఏమో, డొక్కలు లోపలికి పోయాయి. ఎవరో వాడిని ఆటలోంచి తరిమేశారు. ఇంటికి వచ్చి, ఏడుపు కనబడనీయకుండా గట్టిగా మాట్లాడుతున్నాడు. సునంద గుండె వెన్నలా జారింది. వీడిని దగ్గరికి తీసుకోవాలి. వీడికి అన్నం కలిపి పెట్టాలి. వీడు అడిగేది ఏమంత పెద్దది? ఒక నౌకరీనే గదా. ఇన్నేండ్లూ ఈ మనిషిని అత్త ఎందుకు ఒక్కమాట అనలేదో ఆమెకు ఒక్క చూపులో అర్థమైంది. అర్థం కావడమే ముప్పయింది. నాలుక తనంతట తానే తిరిగింది.

"స..."

"ఆగు పిల్లా," అంది బక్కమ్మ.

ఆమె చాప మీద లేచి కూర్చుంది. తడిగుడ్డ ఒడిలో పడి ఉంది. కోడలి ఎర్రకండ్లతో ఆమె కొడుకును చూస్తున్నది. మంటకు నీళ్ళు కారుతున్నా రెప్ప వాల్చడం లేదు.

బక్కమ్మకు పిల్లవాడు కనబడలేదు. నెత్తి పలచబడుతున్న మనిషి ఒకడు, కాళ్ళు చాపుకుని, ఒక ఆడదాని కుర్చీని తన కుర్చీతో కొలుచుకుంటూ కనబడ్డాడు. ఆ చాపిన కాళ్ళు, దవడ బిగింపు ఎవరివో కూడా కనబడ్డాయి. చనిపోయిన తన మొగుడు ఓదెలు అట్లనే కూర్చునేవాడు. కూలికి పోయే ద్రాక్షతోటలో తనను మేస్త్రమ్మను చేస్తామన్న ఏడు, అట్లనే కూర్చుని, ఇంట్ల ఒక్క మేస్త్రి చాలదా అన్నాడు. ఆమె 'సరే' అంది. ఆ తర్వాత తోటలే పోయాయి, ప్లాట్లు పడ్డాయి, ఆమె అనలేకపోయిన మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

"ఫోన్ జేబుల్నే ఉన్నదిరా?"

"నీకెందుకమ్మా గవన్ని? నువ్వు పడుకో."

"పడుకుంటే మంట పడుకుంటదా? కలక నా మొకంల ఉన్నది."

జైపాల్ తల్లివైపు తిరిగాడు, తిరిగి అక్కడే ఆగిపోయాడు. పెండ్లాం చూస్తే మొహం తిప్పుకోవడం వచ్చు. తల్లి చూస్తే నవ్వి తప్పించుకోవడం వచ్చు. తల్లి మొహంలోంచి పెండ్లాం చూస్తుంటే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

"అరే, నీకు మంటగున్నదంటే అట్ల చెప్పాలె గద," అన్నాడు కాళ్ళు వెనక్కి తీసుకుంటూ. "నీ పేరు మీద పెట్టమను, ఇప్పుడే ఇస్త ఓటీపీ."

"నా పేరు మీద వద్దు. దాని కండ్లు, దాని పేరు."

"రెండూ ఒక్కటే గదమ్మా?"

"ఒక్కటైతే ఫోన్ చేసినప్పుడే ఇద్దువు." బక్కమ్మ చాప మీంచి లేచి చెప్పులు వెతుక్కుంది. "నడువ్ పిల్లా. నువ్వు గూడ రారా. ఆడ కౌంటర్ ముంగట నిలబడి, అందరు ఇనేటట్టు సదువు ఆ నంబరు."

జైపాల్ సునందవైపు చూశాడు, ఆమె సర్దిచెప్తుందని. సునంద అప్పటికే గబుక్కున గోడవైపు తిరిగింది. ఇంకొక్క చూపు చూస్తే వాడి తరఫున తనే బతిమాలుతుందని ఆమెకు తెలుసు.

ఎనిమిదికి ఇంకా పది నిమిషాలు ఉండగా కౌంటర్ ముందు జైపాల్ ఆరు అంకెలు చదివాడు. రవళి "గట్టిగా సార్" అని రెండోసారి చదివించుకుంది. వినబడకపోవడం వల్ల కాకపోవచ్చు.

డాక్టరమ్మ రెప్పలు తిప్పి చూసి, చీము కలక అని, మెడికల్ షాపు చుక్కలు పారెయ్యమని, కొత్తవి రాసింది. "గంటకోసారి పడాలె. శుక్రవారానికి తేటబడ్తయి. ఎవరు వేస్తరు?"

సునంద లైన్ మీద ఉంటుంది. బక్కమ్మకు తన కంట్లో తాను వేసుకోవడం రాదు. గోడవైపు తిరిగి ఉన్న సునంద తప్ప ఇద్దరు ఆడవాళ్ళూ జైపాల్ వైపు చూశారు. తలుపు దగ్గర నిలబడిన రవళితో కలిపి ముగ్గురు.

సెలవు పెట్టి రెండు రోజులు అతనే చుక్కలు వేశాడు. గంటకోసారి తల్లి మొహం మీదికి వంగి, పెండ్లాం కండ్లలోకి చూడాల్సి వచ్చింది. చుక్క పడేటప్పుడు పక్కకు చూస్తే చెంప మీద పడుతుంది. పెండ్లినాడు కూడా అంతసేపు చూసి ఉండడు. ఆ కండ్లు అతన్ని ఏమీ అనలేదు. చూస్తూ ఉన్నాయి, అంతే. బుధవారం మధ్యాహ్నం అతను వండిన పప్పులో ఉప్పు లేదు. గురువారం ఉంది.

శుక్రవారం తెల్లారకముందే గిన్నెలో ఉప్పునీళ్ళు కాగాయి. కుడిది కుడికి, ఎడమది ఎడమకు. తన కండ్లు తనకు వచ్చాక సునంద పొయ్యిని చూసి, బ్యాగు వేసుకుని బస్సుకు ఉరికింది. పరీక్షలో కిందివరస అక్షరాలు ఆగకుండా చదివింది. నర్సింగ్ టార్చి వేసి, "సొంతయే," అని రాయించాడు. వచ్చే నెల నుంచి ఆమె కంపెనీ మనిషి.

ఆదివారం పొద్దున జైపాల్ కుర్చీలో కూర్చుని చాయ తాగాడు. తాగి, ఖాళీ గ్లాసు పక్కకు చాపాడు, ఎవరో ఒకరు అందుకుంటారన్నట్టు.

బక్కమ్మ తన సొంత కండ్లతో కొడుకును చూసింది. మొలతాడు పిల్లవాడే కనబడ్డాడు, పగిలిన పెదవులు, కారుతున్న ముక్కు. ఆమెకు ప్రాణం ఎప్పటిలాగే అతని వైపుకే పోయింది. కానీ ఆ కండ్లు మూడు రోజులు లైన్ మీద పనిచేసి వచ్చినవి. నల్లబోర్డుకు ఆనించి ఒకసారి, తెల్లబోర్డుకు ఆనించి ఒకసారి చూడడం మరిగినవి. ఆ పసివాడి మధ్యలో మెల్లగా పైకి తేలుతున్న ఒక నల్లటి నలుసు వాటికి కనబడింది. చూడనట్టు ఉండడం ఇక ఆమె వల్ల కాలేదు.

"కడిగి బోర్లించు బిడ్డా," అంది ముద్దుగా. "అట్లనే దాని గ్లాసు గూడ."